కొత్త కరణం, పాత దస్త్రం

పిల్లలూ! పూర్వం మన పల్లెల్లో పొలాల లెక్కలన్నీ కరణంగారి దస్త్రాల్లో ఉండేవి. ఆ దస్త్రాల్లోని రాత మామూలు రాత కాదు. కలం ఎత్తకుండా, అక్షరాలన్నీ కలిపి గొలుసులాగా రాసేవారు. దానికి గొలుసుకట్టు అని పేరు. ఆ రాత చదవటం రాని కొత్త కరణం వస్తే ఏమవుతుంది? కాగితం చిరగలేదు, సిరా చెరగలేదు. అయినా దస్త్రం ఉండీ లేనట్టే!

కంప్యూటర్లలోనూ సరిగా ఇలాటి చిక్కే ఒకటున్నది.

ఈనాడు ఆస్పత్రిలో రోగుల వివరాలూ, బడిలో మార్కులూ, బ్యాంకులో లెక్కలూ కంప్యూటర్లలో ఉంటున్నాయి. వాటిని భద్రంగా దాచి, అడిగిన వెంటనే తీసి ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను డేటాబేస్ సర్వర్ అంటారు. అంటే, అది కంప్యూటర్లోని కరణమన్న మాట. పోస్ట్‌గ్రెస్ అనేది వీటిలో పేరు పొందినది. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో, మైకేల్ స్టోన్‌బ్రేకర్ అనే ఆచార్యుడు 1986లో దీని పని ప్రారంభించాడు. దీన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

పోస్ట్‌గ్రెస్‌కు ఇంచుమించు ఏడాదికొక కొత్త వెర్షన్ వస్తుంది. ఒక్కొక్క వెర్షన్‌లోని లోపాలను అయిదేళ్ళపాటు సరిచేస్తారు. ఆ తరవాత దొంగలు చొరబడే కంత బయటపడినా పూడ్చేవారుండరు. అందుచేత కొత్తదానికి మారక తప్పదు.

16.3 నుంచి 16.4కు మారటం తేలిక. దస్త్రాల రాత మారదు. కాని 16 నుంచి 17కు మారితే పాత దస్త్రాలను కొత్త సర్వర్ ఉన్నవి ఉన్నట్టుగా తీసుకోదు. దస్త్రాలుండే ఫోల్డర్లో వెర్షన్ అంకె రాసి ఉన్న చిన్న ఫైలు ఒకటుంటుంది. సర్వర్ మొదట ఆ అంకె చూస్తుంది. అది తన అంకె కాకపోతే పని మొదలుపెట్టనే పెట్టదు. ఇది మొండితనం కాదు; తెలియని రాతమీద చెయ్యి పెట్టి చెడగొట్టకుండా ఉండే జాగ్రత్త.

మరి మారటం ఎలా? రెండు దారులున్నాయి. మొదటిది, పాత దస్త్రమంతా అందరికీ అర్థమయే రాతలో ఎత్తి రాసి, కొత్త సర్వర్‌తో మళ్ళీ చదివించటం. దీన్ని చేసే పనిముట్టు పేరు పీజీ డంప్. ఇది నమ్మకమైనదే గాని దస్త్రం పెద్దదైతే గంటలు పడుతుంది. రెండవది పీజీ అప్‌గ్రేడ్. ఇది అసలు దస్త్రాలను అలాగే ఉంచి, వాటి పట్టికలను మాత్రం కొత్తగా రాస్తుంది. చాలా త్వరగా అవుతుంది.

విండోస్‌లోనూ, డెబియన్, ఉబుంటు వంటి లినక్స్‌లలోనూ ఒక్కొక్క వెర్షన్‌కు వేరే ఫోల్డరుంటుంది. అందువల్ల పాతదాన్ని తీసెయ్యకుండానే పక్కన కొత్తది పెట్టవచ్చు. కాని విండోస్ కంప్యూటర్లోని దస్త్రాల ఫోల్డర్ను అలాగే లినక్స్ కంప్యూటర్లోకి ఎత్తుకుపోతే పనికిరాదు. ఎత్తి రాసుకునే మొదటి దారే శరణ్యం.

ఆపరేటింగ్ సిస్టమ్‌తో ఇంకో వింత ఉన్నది. పలకమీద వర్ణమాల రాస్తే ‘క్ష’ చివరగా వస్తుంది. చాలా నిఘంటువుల్లో దాన్ని ‘క’లోనే వెతకాలి. వరస తెలియకపోతే ఉన్న మాట కూడా దొరకదు! 2018లో లినక్స్‌లోని గ్లిబ్‌సీ అనే భాగం 2.28 వెర్షన్‌లో పదాల వరస మారింది. అంతకుముందు ‘11’ తరవాత వచ్చే ‘1-1’ ఇప్పుడు ముందుకొచ్చింది. పాత వరసలో కట్టిన సూచికను కొత్త వరసలో వెతికిన సర్వర్, ఉన్నదాన్ని లేదనే ప్రమాదం వచ్చింది. అందుకే అలా మారినప్పుడు సూచికలు మళ్ళీ కట్టించాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త, నకలు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఉద్యోగి వేరే కంప్యూటర్ అనుకుని అసలు దస్త్రాన్నే చెరిపేశాడు. సుమారు 300 గిగాబైట్లు పోయింది. రోజూ తీస్తున్న నకలు ఉన్నది కదా అని చూస్తే, అక్కడ ఏమీ లేదు! సర్వర్ 9.6 వెర్షన్, నకలు తీసే పీజీ డంప్ మాత్రం 9.2. తనకన్నా కొత్త సర్వర్‌ను చదవలేక అది రోజూ ఊరుకుంటున్నది. ఆ సంగతి ఎవరూ చూడలేదు. అదృష్టవశాత్తు, వేరే పనికోసం ఆరు గంటల ముందు తీసిన నకలొకటి దొరికింది. ఆ ఆరు గంటల్లో చేరిన సమాచారం మాత్రం తిరిగి రాలేదు. ఈ కథనంతా ఆ సంస్థే దాచకుండా లోకానికి చెప్పింది.

కనుక మార్చబోయే ముందు కొత్త వెర్షన్ పీజీ డంప్‌తో నకలు తియ్యాలి. దాన్ని వేరే కంప్యూటర్లో చదివించి, అన్నీ వచ్చాయో లేదో లెక్క చూడాలి. చదివి చూడని నకలు నకలే కాదు. కొత్త సర్వర్ కొన్నాళ్ళు సవ్యంగా నడిచినదాకా ఆ నకలును పారెయ్యరాదు.

ఏరు దాటాక తెప్ప తగలెయ్యటమే తప్పంటారు. దాటకముందే తగలేసేవాణ్ణి ఏమనాలో మీరే చెప్పండి!