ఇంటికి దీపం ఇల్లాలు... మరి మీటరు ఎవరి పేరున?

ఎండను పనిలో పెట్టడం మనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. మా మద్దూరులో ఏ మిద్దె ఎక్కి చూసినా తెలుస్తుంది. మాఘమాసం వెళ్లిందంటే చాలు, ఒక మిద్దె మీద మిరపకాయలు, ఇంకో మిద్దె మీద వడియాలు, పక్కింటి మీద చింతపండు, వరుగులు. పొద్దున పరిచి, మధ్యాహ్నం తిరగేసి, సాయంత్రం ఎత్తి పెట్టేది ఆడవాళ్లే. ఏ గంటకు ఏ మూలకు నీడ వస్తుందో వాళ్లకు తెలిసినంతగా ఇంజనీర్లకైనా తెలుస్తుందా అంటే అనుమానమే!

ఇన్నాళ్లూ ఉచితంగా వాడుకున్న ఆ ఎండ చుట్టూ ఇప్పుడు దేశంలో పెద్ద బజారే పుట్టుకొచ్చింది. 2010 జనవరిలో జాతీయ సౌర మిషన్ మొదలైనప్పుడు 2022 నాటికి 20 వేల మెగావాట్లు అనుకున్నారు. 2015లో ఆ లక్ష్యాన్ని ఏకంగా లక్ష మెగావాట్లకు పెంచారు. అనుకున్న గడువుకు అందుకోలేకపోయినా 2025 జనవరిలో దేశం ఆ గీత దాటింది. 2014 మార్చి నాటికి మనకున్నది మూడు వేల మెగావాట్ల లోపే! ధర సంగతీ అంతే. 2010లో తొలి వేలం పాటల్లో యూనిట్ సగటున 12 రూపాయలు పలికితే, 2017 మే నెలలో రాజస్థాన్‌లోని భాడ్లాలో 2 రూపాయల 44 పైసలకు దిగింది. మన తెలుగు నేల మీదే చూడండి. కర్నూలు జిల్లాలో సుమారు ఆరు వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల పార్కు 2017లో పూర్తయింది. రామగుండం ఎన్టీపీసీ జలాశయం మీద తేలే వంద మెగావాట్ల కేంద్రం 2022 జూలై నుంచి పూర్తిగా పనిచేస్తోంది.

ఇవన్నీ పెద్దల లెక్కలు, మనకెందుకులే అని పేజీ తిప్పకండి. ఈ బజారు ఇప్పుడు మన గుమ్మం దాకా... కాదు, మన మిద్దె దాకా వచ్చింది.

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ‘పీఎం సూర్యఘర్’ పథకం తెచ్చింది. కోటి ఇళ్లు, 75 వేల కోట్ల రూపాయల పైచిలుకు ఖర్చు. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30 వేల చొప్పున, మూడో కిలోవాటుకు 18 వేలు, మొత్తం మీద 78 వేల రూపాయల వరకు సబ్సిడీ. ఒక కిలోవాటుకు సుమారు వంద చదరపు అడుగుల జాగా కావాలి. మంచి ఎండ రోజున నాలుగు యూనిట్ల దాకా కరెంటు వస్తుంది. మనం వాడుకోగా మిగిలింది లైనులోకి పోతుంది, రాత్రి మనకు కావలసింది లైనులోంచి వస్తుంది. రాకపోకలు రెండూ లెక్కగట్టే మీటరు ఒకటి బిగిస్తారు. చేబదులు బియ్యం లెక్క లాంటిదే ఇదీ.

లెక్క ఎలా ఉంటుందో మనమే వేసి చూద్దాం. మూడు కిలోవాట్లకు రెండు లక్షలకు అటూ ఇటూ అవుతుందనుకుంటే, సబ్సిడీ పోను చేతి నుంచి పడేది లక్షా ఇరవై రెండు వేలు. నెలకు రెండు వేల బిల్లు కట్టే ఇంటికి ఐదేళ్లలో ఆ డబ్బు తిరిగి వస్తుంది. పన్నెండు వందలు కట్టే ఇంటికి ఎనిమిదిన్నర ఏళ్లు పడుతుంది. అప్పు తెచ్చుకుంటే వడ్డీ అదనం. పలకలేమో పాతికేళ్లు పనిచేస్తాయి. బేరం చెడ్డదేం కాదు.

మరి ఈ బేరంలో ఇల్లాలు ఎక్కడుంది?

దరఖాస్తు పెట్టాల్సింది మీటరు ఎవరి పేరున ఉందో వాళ్లు. మన ఊళ్లలో మీటరు భర్త పేరునో, మామగారి పేరునో ఉంటుంది. ఒక్కోచోట కాలం చేసి పదేళ్లయిన తాతగారి పేరున కూడా! ఇల్లు ఆయన పేరున, కరెంటు ఆయన పేరున, సబ్సిడీ పడే బ్యాంకు ఖాతా ఆయనది. ‘ఇంటికి దీపం ఇల్లాలు’ అని మాత్రం నోరారా అంటారు. దీపానికేమో ఆమె పేరు, మీటరుకేమో ఆయన పేరు! భర్త పోయిన ఆడవాళ్లు, విడిగా బతుకుతున్న ఆడవాళ్లు సబ్సిడీ అడగాలంటే ముందు మీటరు పేరు మార్పిడి కోసం తిరగాలి. వారసత్వ కాగితాల దగ్గరే చాలామంది అడుగు ఆగిపోతుంది.

ఇంకో చిక్కుంది. తెలంగాణలో 2024 మార్చి నుంచి, రేషన్ కార్డున్న ఇళ్లకు నెలకు రెండు వందల యూనిట్ల లోపు వాడితే సున్నా బిల్లు వస్తోంది. మంచిదే, ఎన్నో ఇళ్లకు ఊరట. కానీ సున్నా బిల్లు వచ్చే ఇంటావిడను లక్ష పెట్టి పలకలు పెట్టుకోమంటే ఎందుకు పెడుతుంది? చివరికి సబ్సిడీ ఎవరికి చేరుతుంది? ఏసీలున్న సొంత డాబాలకు. పెంకుటిళ్ల వాళ్లకు, రేకుల ఇళ్ల వాళ్లకు, అద్దె పోర్షన్లలో ఉండే వాళ్లకు ఎండ ఉంది గానీ మిద్దె లేదు. ఒకచోట పెట్టిన పలకల కరెంటును నలుగురి బిల్లుల్లో పంచే పద్ధతికి ఢిల్లీలో 2019లోనే నిబంధనలు రాశారు. ఊరుమ్మడి జాగాలో పలకలు పెట్టి మిద్దె లేని ఆడవాళ్లకు వాటా ఇవ్వడం కుదరని పనేమీ కాదు. అడిగేవాళ్లు కావాలి, అంతే.

పెట్టుకునే వాళ్లు ముందే తెలుసుకోవలసిన సంగతులూ కొన్నున్నాయి. అమ్మేవాళ్లు వీటిని గట్టిగా చెప్పరు. బ్యాటరీ లేని మామూలు పలకలైతే, లైనులో కరెంటు పోయినప్పుడు నడిమధ్యాహ్నమైనా మన ఇంట్లోనూ ఫ్యాను ఆగిపోతుంది. లైను మీద పనిచేసే మనిషికి షాకు కొట్టకుండా అలా ఏర్పాటు చేశారు. సబ్సిడీ పలకలు బిగించాక పడుతుంది గనుక, ముందు మొత్తం డబ్బు చూసుకోవాలి. మూడు కిలోవాట్ల వరకు తాకట్టు లేని బ్యాంకు అప్పు ఉంది. సబ్సిడీ కావాలంటే మన దేశంలో తయారైన పలకలే పెట్టాలి, పథకంలో నమోదైన వాళ్లే బిగించాలి, ఐదేళ్లు మరమ్మతులు వాళ్లే చూడాలి. ఆ మాట కాగితం మీద రాయించుకోండి. 2025 సెప్టెంబరులో పలకల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో ఆ తగ్గింపు ఉందో లేదో చూసుకోండి.

మరి పలకల మీద దుమ్ము తుడిచేదెవరు? కోతులు ఎక్కకుండా కాపలా ఎవరు? అదీ మన పనుల జాబితాలోనే చేరుతుంది. మిరపకాయలు ఎండబెట్టే జాగా పోతుంది కూడా. అందుకే ఏ మూల పెట్టాలో, ఎంత ఎత్తులో పెట్టాలో చెప్పే మాట ఇంటావిడది కావాలి. కొలతలకు మనిషి వచ్చిన రోజు ఆమె మంచినీళ్లిచ్చి లోపలికి పోకుండా, మిద్దె మీదికి వెళ్లి నిలబడాలి.

ఇక పెద్ద సంగతి. తెలంగాణ ప్రభుత్వం మహిళా సంఘాలచేత వెయ్యి మెగావాట్ల సౌర కేంద్రాలు పెట్టిస్తామని ప్రకటించింది. ఒక్క మెగావాటుకు నాలుగెకరాల భూమి, కోట్లలో పెట్టుబడి, కరెంటు కొనడానికి డిస్కంతో పాతికేళ్ల ఒప్పందం. పొదుపు పుస్తకం ఒక్కరోజు తప్పకుండా రాసే మన సంఘాల వాళ్లకు ఇది అందని పనేం కాదు. రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ, చదువు లేని అమ్మమ్మలచేత కూడా సౌరదీపాలు బిగించడం, బాగుచేయడం చేయించింది. ఎక్కడెక్కడి దేశాల నుంచో ఆడవాళ్లు అక్కడికొచ్చి నేర్చుకెళ్లారు.

భయమల్లా ఒక్కటే. సంతకం సంఘం అధ్యక్షురాలిది, పెత్తనం ఇంకొకరిది కాకూడదు. మహిళా సర్పంచుల విషయంలో ఈ ముచ్చట మనం చూడనిదా? భూమి కౌలు ఎంత, అప్పు కిస్తీ ఎంత, డిస్కం డబ్బు ఎన్ని నెలలకు వస్తుంది, ఆలస్యమైతే కిస్తీ ఎవరు కడతారు? ఒప్పందం తెలుగులో రాయించి, సంఘం సమావేశంలో చదివి వినిపించాకే వేలు పెట్టాలి. యంత్రం చూసుకునే శిక్షణ కూడా సంఘం ఆడపిల్లలకే ఇప్పించాలి. లేకపోతే లాభం కాంట్రాక్టరుది, అప్పు మాత్రం మనది అవుతుంది.

మా మద్దూరు 2016లో వరంగల్ జిల్లా నుంచి సిద్దిపేట జిల్లాకు మారింది. జిల్లా మారినా బోరు నీళ్ల మీదే బతికే ఈ నేల మారలేదు, మా ఎండా మారలేదు. ఇన్నేళ్లూ ఆ ఎండను తిట్టుకున్నాం. ఇప్పుడు దానికో ధర వచ్చింది. ఆ ధరలో మన వాటా అడగడానికి మొదటి మెట్టు చాలా చిన్నది: ఇవాళ మీ ఇంటి కరెంటు బిల్లు తీసి, పైన ఎవరి పేరుందో చూడండి. మీ పేరు లేకపోతే, ఎందుకు లేదో భోజనాల దగ్గర ఒకసారి అడగండి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి కదా!