టిక్కెట్టు అడిగిన పిల్ల కథేనా?

దుర్గాబాయి దేశ్‌ముఖ్ అనగానే మనవాళ్ళు ఒకే కథ చెప్తారు. 1923లో కాకినాడ కాంగ్రెసు సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన దగ్గర వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూనే ఆపేసిన పిల్ల! మార్చి 8 సభల్లో ఈ కథ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్న ప్రతిసారీ నాకు కోపమే వస్తుంది. ఆ పిల్ల నెహ్రూ ఒక్కడికేనా అడ్డం నిలిచింది?

1909లో రాజమండ్రిలో పుట్టిన ఆమెకి ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఈడొచ్చాక కాపురానికి వెళ్ళనంది. తండ్రీ, సోదరుడూ ఆమె పక్షాన నిలిచారు. నాయకుణ్ణి ఆపిన పిల్లని మెచ్చుకోవడం తేలిక. కాపురం వద్దన్న పిల్లని మెచ్చుకుంటే మన ఇళ్ళల్లో ఆడపిల్లలు కూడా వింటారు కదా! అందుకే ఆ సంగతి దాటేస్తారు.

తర్వాత సంగతులూ అంతే. 1930 నుంచి 1933 దాకా మూడుసార్లు జైలు. తమ మీద కేసేమిటో కూడా తెలియని, చదువురాని స్త్రీలని అక్కడ చూసింది. ఆ స్త్రీల కోసమే లా చదవాలనుకుంది. బయటికొచ్చి బెనారస్ మెట్రిక్ కట్టింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకి హాస్టలు లేదంటే పత్రికలో ప్రకటన ఇచ్చి, తనలాంటి వాళ్ళని పోగుచేసి హాస్టలు ఏర్పాటు చేసింది. 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టింది. 1942లో మద్రాసులో లా పూర్తిచేసింది. 1946లో రాజ్యాంగ సభలో అడుగుపెట్టేనాటికి ఆమె వెనక ఇదంతా ఉంది. రాజ్యసభకి కనీస వయసు 35 కాదు, 30 చాలని సవరణ తెచ్చింది. తర్వాత తాత్కాలిక పార్లమెంటులో హిందూ కోడ్ బిల్లు కోసం వాదించింది.

ఇప్పటి లెక్కలు చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ళ స్త్రీలలో 18 నిండకుండానే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. 2024లో లోక్‌సభకి ఎన్నికైన 543 మందిలో స్త్రీలు 74 మంది. ఈ రెండు లెక్కలూ వేర్వేరని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2023లో మూడోవంతు సీట్లకి చట్టం చేస్తూనే, దాని అమలుని జనగణనకీ, నియోజకవర్గాల పునర్విభజనకీ ముడిపెట్టారు. సీట్లు కావాలి, వాటి కోసం కొట్లాడదాం. కానీ పదిహేనేళ్ళకే కాపురానికి పంపేసిన పిల్ల ఆ సీటు దాకా ఎలా వస్తుంది? భర్త చాటున పేరుకి నిలబెడితేనేనా?

ఈసారి సభలో దుర్గాబాయి గురించి మాట్లాడితే టిక్కెట్టు కథతో ఆపకండి. కాపురానికి వెళ్ళనన్న సంగతీ, హాస్టలు సంగతీ, జైలు సంగతీ చెప్పండి. చెప్పాక, మీ ఊళ్ళో ఈ వేసవిలో పెళ్ళికి సిద్ధం చేస్తున్న పిల్ల ఎవరో అడగండి. ఆ పిల్ల వద్దంటే ఆమె పక్షాన ఎవరు నిలబడతారో కూడా అక్కడే తేల్చండి.