గ్రానైట్ ట్రెయిలర్లు – ఇరుసుల లెక్క

చిత్తూరు, పలమనేరు, కుప్పం ప్రాంతాల క్వారీల నుంచి గ్రానైట్ దిమ్మెలను మోసే ఫ్లాట్‌బెడ్ ట్రెయిలర్లకు, అంటే పక్క పలకలు లేని చదునైన బండ్లకు, బరువు పరిమితి కంటికి కనిపించదు. ఘనపు మీటరు గ్రానైట్ సుమారు 2.7 టన్నులు తూగుతుంది కనుక, మూడు మీటర్ల పొడవు, మీటరున్నర చొప్పున వెడల్పు, ఎత్తు ఉన్న ఒక్క దిమ్మె 18 టన్నులకు చేరుతుంది. బండిపై సగానికి మించి చోటు ఖాళీగా ఉండగానే చట్టం అనుమతించిన బరువు నిండిపోతుంది. దారిలో ఆ దిమ్మెను విడగొట్టి బరువు తగ్గించే వీలు లేదు కాబట్టి, ఎన్ని ఇరుసుల బండి కావాలన్నది కొనేనాడే తేల్చుకోవలసిన విషయం.

ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు సరిహద్దులు ఇక్కడ కలిసినా పరిమితి మాత్రం ఒక్కటే. మోటారు వాహనాల చట్టం 58వ సెక్షన్ కింద కేంద్రం 2018 జులైలో సవరించిన ప్రకారం స్టీరింగ్ ఇరుసుకు 7 టన్నులు, నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 11.5, జంట ఇరుసులకు 21, వరుసగా ఉన్న మూడు ఇరుసులకు 27 టన్నులు గరిష్ఠం. ఈ అంకెలను కూడితేనే బండి మొత్తం బరువు వస్తుంది: ఒంటి డ్రైవ్ ఇరుసున్న ఇంజిన్ బండికి రెండిరుసుల ట్రెయిలర్ తగిలిస్తే 39.5 టన్నులు, మూడిరుసులదైతే 45.5, డ్రైవ్ ఇరుసులు కూడా జంటగా ఉంటే 55. బండి సొంత బరువు సుమారు 15 టన్నులు తీసివేస్తే 45.5 టన్నుల బండి మోయగలిగేది 30 టన్నులే కనుక, పైన చెప్పిన దిమ్మెలు రెండింటిని దానిపై ఎక్కించడం చట్టవిరుద్ధం. ఆ పనికి 55 టన్నుల బండే కావాలి.

మొత్తం బరువు సరిపోయినంత మాత్రాన లెక్క ముగియదు. ట్రెయిలర్‌ను ఇంజిన్ బండికి కలిపే కింగ్‌పిన్‌కూ వెనుక ఇరుసుల నడిమికీ ఎనిమిది మీటర్ల దూరం ఉన్నప్పుడు, 30 టన్నుల సరుకును ఒక్క మీటరు ముందుకు జరిపితే దాదాపు 3.75 టన్నులు వెనుక ఇరుసుల మీద నుంచి కింగ్‌పిన్ మీదికి మారుతాయి. అందులో అధిక భాగాన్ని డ్రైవ్ ఇరుసే భరించాలి. బండిని మొత్తంగా తూచే కాటా ఈ దోషాన్ని పట్టలేదు.

ఇరుసు మీద ఎక్కువైన బరువు దెబ్బ రోడ్డుకు తగులుతుంది. అమెరికాలో 1958–60 మధ్య జరిగిన రహదారి పరీక్షల నుంచి ఇంజనీర్లు గ్రహించిన ప్రకారం రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు బరువుకు నాలుగో ఘాతంగా పెరుగుతుంది. ఆ సూత్రాన్ని బట్టి ఒంటి ఇరుసు పరిమితిని 10.2 నుంచి 11.5 టన్నులకు పెంచడమే నష్టాన్ని సుమారు 60 శాతం పెంచింది. ఆ పైన ఎక్కించే ప్రతి టన్నూ ప్రజాధనానికి గండి కొడుతుంది. మొగిలి ఘాట్ వంటి దిగుడు దారిలో తక్కువ ఇరుసులపై ఎక్కువ బరువు మోయడం ప్రాణాల ప్రశ్న కూడా, ఎందుకంటే ప్రతి ఇరుసుతోపాటు ఒక జత బ్రేకులు వస్తాయి, ఇరుసు తగ్గితే అవీ తగ్గుతాయి.

అధిక బరువుకు 20,000 రూపాయల జరిమానాతోపాటు, ఎక్కువైన ప్రతి టన్నుకు మరో 2,000 రూపాయలు విధించి, అదనపు సరుకును దింపించిన తరువాతే బండిని కదలనివ్వాలని 194వ సెక్షన్ చెబుతోంది. అయితే 18 టన్నుల దిమ్మెను క్రేన్ లేని చెక్‌పోస్టులో దింపడం అసాధ్యం కనుక, తనిఖీ క్వారీ దగ్గరే మొదలవాలి. ఇరుసు ఇరుసుకూ విడిగా తూచే కాటాలను లోడింగ్ స్థలాల్లో నెలకొల్పి, ఆ తూకపు చీటీ లేనిదే రవాణా అనుమతి ఇవ్వకుండా గనుల, రవాణా శాఖలు కలిసి ఉత్తర్వు జారీ చేయాలి.