ఆర్ఓ మెషీను చందాకు నేను చేయి ఎత్తలేదు, ఎందుకంటే

తమిళంలో చదువుకున్నవాణ్ణి, అక్షరం తప్పితే సర్దుకోండి. విషయంలో మాత్రం సర్దుకోవద్దు.

పోయిన ఆదివారం మీటింగులో మన ఊరికి ఆర్ఓ మెషీను పెట్టాలని ఇంటికింత అని చందా వేశారు. చేయి ఎత్తనివాణ్ణి నేనొక్కణ్ణే. పిసినారి అన్నారట. అననీండి.

నీళ్లు ఎందుకు చెడ్డాయని అక్కడ ఒక్కరూ అడగలేదు. మా తోట బావి నీళ్లు ల్యాబులో ఇచ్చి చూశాను. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. మాది అంతకు రెట్టింపు పైన. మా మనవరాలికి అప్పుడు నాలుగో నెల. అవే నీళ్లు కాచి పాలపొడి కలిపేవాళ్లం. కాస్తే నైట్రేటు పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. ఆరు నెలల లోపు బిడ్డకు అది ఎక్కువైతే రక్తం ప్రాణవాయువును మోయలేదు, ఒళ్లు నీలం తిరుగుతుంది. మా పాపకు ఏమీ కాలేదు, పెరుమాళ్ల దయ. కానీ ఆ రిపోర్టు వచ్చిన రాత్రి కోడలి ముఖం చూడలేకపోయాను. ఆ తోటలో యూరియా చల్లించింది నేనే కదా.

లెక్క చూడండి. చిన్న ఉల్లికి హెక్టారుకు 60 కిలోల నత్రజని చాలని కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెబుతుంది. సగం అడుగున, సగం ముప్పయ్యో రోజున. అంటే ఎకరాకు 24 కిలోలు. 45 కిలోల యూరియా మూటలో ఉండేదే 20 కిలోల పైచిలుకు. ఒకటింపావు మూట కూడా పట్టదు. మనం నాలుగు వేస్తాం, కాంప్లెక్సు వేరే! పైరు నల్లగా కనిపించాలి, పక్క తోటవాడు చూడాలి. మూట మూడొందల లోపే, ఎవడికి నొప్పి? మిగిలింది నైట్రేటై నీళ్లతో దిగిపోతుంది, మట్టి దాన్ని పట్టుకోదు. చల్లిన మరునాడే మడి నిండా నీళ్లు కడితే నేరుగా బావికే. గూడ్స్ షెడ్డులో ఎన్నో వేగన్ల యూరియాకు రసీదు రాశాను, ఈ లెక్క నాకే తట్టలేదు.

'సెప్టిక్ ట్యాంకుల వల్ల' అని ఒక అన్నగారు వాదించారు. ఒప్పుకుంటాను, అదీ ఉంది. కానీ ఇల్లే లేని తోట మధ్య బావిలో ఎవరి సెప్టిక్ ట్యాంకు అన్నా? హోసూరు అవతలి మనవాళ్లు నవ్వుకోవద్దు. కేంద్ర భూగర్భజల బోర్డు 2024 రిపోర్టులో 45 దాటిన నమూనాలు తమిళనాడులో 37 శాతం, కర్ణాటకలో 48.

ఆర్ఓ మెషీను నైట్రేటును మింగేయదు. చిక్కబడిన నీళ్లను పక్క కాలువలోకి వదులుతుంది. అది మళ్లీ మన నేలలోకే.

పసిబిడ్డలున్న ఇళ్లకు ఈ రోజు నుంచే క్యాన్ నీళ్లు కొనిద్దాం, దానికి నా వంతు ముందే ఇస్తాను. మెషీను డబ్బుతో ముందు ప్రతి బావి పరీక్ష చేయిద్దాం, మట్టి కూడా. సొట్టునీరు, అదే బిందు సేద్యం, ఉన్నవాళ్లు ఎరువును కొంచెం కొంచెంగా అందులోనే వదలవచ్చు. ఎవరి తోటలో ఎన్ని మూటలు పడ్డాయో సంఘం నోట్‌బుక్కులో రాద్దాం. మొదటి పేరు నాదే రాయండి, నాలుగు మూటలని. వచ్చే ఆదివారం వచ్చేటప్పుడు బావి నీళ్లు ఒక లీటరు శుభ్రమైన సీసాలో పట్టుకు రండి.