రెండు ఫోన్లు, ఒక్క వాయిస్‌మెయిల్... ఎర్ర లైటు ఎవరిది?

వాయిస్‌మెయిల్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది హాలీవుడ్ సినిమాలే. 'బీప్ తర్వాత మీ మెసేజ్ చెప్పండి' అనే సీన్లు అక్కడే చూశాం. మన దగ్గర ఫోన్ ఎత్తకపోతే మిస్డ్ కాల్ చూసుకుని తిరిగి చేస్తారు. లేదంటే వాట్సాప్‌లో ఓ వాయిస్ నోట్ పడేస్తారు. అందుకే మన జనరేషన్ దీన్ని పెద్దగా పట్టించుకోలేదు.

కానీ ఏదైనా ఆఫీసులోనో, హోటల్లోనో, ఆసుపత్రి రిసెప్షన్‌లోనో ఓసారి టేబుల్ వైపు చూడండి. నల్లటి ఐపీ ఫోన్, దాని మూలన చిన్న ఎర్ర లైటు. అది వెలిగిందంటే ఎవరో మెసేజ్ పెట్టారని అర్థం. ఈ వారం కబుర్లు ఆ లైటు గురించే. ఇంకా చెప్పాలంటే, వెలిగి ఉండాల్సిన టైమ్‌లో అది ఆరిపోతే ఏమవుతుందో చూద్దాం.

బాబాయ్ క్లినిక్‌లో గొడవ

మా బాబాయ్‌కి ఓ జిల్లా కేంద్రంలో పిల్లల క్లినిక్ ఉంది. ముందు అపాయింట్‌మెంట్ల కౌంటర్, దాని పక్కనే మందుల కౌంటర్. మొదటిదాని ఎక్స్‌టెన్షన్ 201, రెండోదానిది 202. మధ్యాహ్నం క్లినిక్ మూసినప్పుడు వచ్చే ఫోన్లు వాయిస్‌మెయిల్‌కి వెళ్తాయి. సిస్టమ్ పెట్టిన వెండర్ రెండు ఫోన్లకీ కలిపి ఒక్కటే వాయిస్‌మెయిల్ బాక్స్ ఇచ్చాడు. 'రెండు డబ్బాలు ఎవరు వింటారు సార్, ఒకటి చాలు' అన్నాడట. వినడానికి బాగానే ఉంది.

ఒకరోజు మధ్యాహ్నం ఒక తల్లి 202కి ఫోన్ చేసింది. బాబుకి ఫిట్స్ మందు అయిపోయింది, తమ ఊళ్ళో దొరకట్లేదు, మీ దగ్గర ఉందంటే సాయంత్రం బస్సుకి వస్తాం, కాస్త ఫోన్ చేసి చెప్పండి అని మెసేజ్ పెట్టింది. లంచ్ నుంచి వచ్చిన 201 అక్క లైటు చూసి మెసేజ్ విన్నది. మందుల సంగతి కాబట్టి 'ఆ అబ్బాయి వచ్చాక వింటాడులే' అనుకుని తన పనిలో పడిపోయింది. ఆ అబ్బాయి వచ్చేసరికి తన ఫోన్ మీద లైటు లేదు. మెసేజ్‌లేమీ లేవనుకున్నాడు.

ఎవరూ ఫోన్ చేయలేదు. రాత్రి ఎనిమిదిన్నరకి ఆ తల్లే బాబుని ఎత్తుకుని ఆటోలో వచ్చింది. అదృష్టం బాగుండి మందు ఉంది, బాబుకీ ఏమీ కాలేదు. కానీ ఫిట్స్ మందు డోసు తప్పితే ఏం జరగొచ్చో బాబాయ్‌కి తెలుసు. మర్నాడు పొద్దున్నే నాకు ఫోన్.

"ఒరేయ్, అది విన్నానంటుంది, వీడు లైటే వెలగలేదంటాడు. వీళ్ళిద్దర్లో ఎవరు అబద్ధమాడుతున్నారో ఆ సిస్టమ్‌లో చూసి చెప్పరా!"

చూశాను. "ఇద్దరూ నిజమే చెప్తున్నారు బాబాయ్. అబద్ధం ఆడింది లైటు" అన్నాను.

ఫోన్ వేరు, డబ్బా వేరు

మనకి ఫోన్, వాయిస్‌మెయిల్ ఒకటే అనిపిస్తాయి. సిస్టమ్‌కి మాత్రం రెండూ వేర్వేరు. బాబాయ్ క్లినిక్‌లో ఉన్నది ఆస్టరిస్క్. 1999లో మార్క్ స్పెన్సర్ అనే కుర్రాడు మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. మామూలు కంప్యూటర్‌నే టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లా మార్చేస్తుంది. ఇందులో ఎక్స్‌టెన్షన్ అంటే ఇంటి తలుపు లాంటిది. వాయిస్‌మెయిల్ బాక్స్ అంటే గోడకి తగిలించిన ఉత్తరాల డబ్బా. రెండు తలుపులకీ ఒకే డబ్బా పెట్టుకోవచ్చు.

అందుకు మూడు చోట్ల మార్చాలి. ఒకటి, ఫోన్ ఎత్తకపోతే కాల్ ఏ బాక్స్‌లోకి వెళ్ళాలి అన్నది. రెండు, మెసేజ్ బటన్ నొక్కితే ఏ బాక్స్ తెరుచుకోవాలి అన్నది. మూడు, ఏ బాక్స్‌ని చూసి లైటు వెలగాలి అన్నది. మూడింట్లో ఏ ఒక్కటి మర్చిపోయినా, లైటు వెలుగుతుంది కానీ లోపల మెసేజ్ ఉండదు, లేదా మెసేజ్ ఉంటుంది కానీ లైటు వెలగదు. వెండర్ ఈ మూడూ సరిగ్గానే చేశాడు. అంటే సెట్టింగుల్లో తేడా లేదు. అసలు చిక్కు వేరే చోట ఉంది.

విన్నారు సరే... చేశారా?

ఆ లైటు వెలిగే పద్ధతికి 2004లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3842 అనే స్టాండర్డ్ ఉంది. సర్వర్ ఫోన్‌కి ఓ చిన్న కబురు పంపుతుంది. కొత్త మెసేజ్‌లు ఇన్ని, పాతవి ఇన్ని అని. కొత్తవి ఒకటో రెండో ఉంటే లైటు వెలుగుతుంది. సున్నా అయితే ఆరిపోతుంది. అంతే!

ఆస్టరిస్క్‌లో కొత్త మెసేజ్ ఇన్‌బాక్స్ ఫోల్డర్లో పడుతుంది. ఎవరైనా విన్నాక ఓల్డ్ అనే ఫోల్డర్లోకి జరుగుతుంది. దాంతో కొత్తవి సున్నా. రెండు ఫోన్లూ చూసేది ఒకే బాక్స్‌ని కాబట్టి రెండింటి మీదా లైటు ఆరిపోతుంది. సిస్టమ్‌కి తెలిసింది 'ఎవరో విన్నారు' అని మాత్రమే. ఎవరు విన్నారు, తిరిగి ఫోన్ చేశారా అన్నది దానికి అనవసరం.

మనకి ఇది కొత్తేం కాదు. ఫ్యామిలీ గ్రూప్‌లో 'గ్యాస్ బుక్ చేయండి' అని అమ్మ మెసేజ్ పెడితే అందరికీ బ్లూ టిక్స్ పడతాయి, సిలిండర్ మాత్రం రాదు. ఒకరికి చెప్పిన పని అయితే చేస్తారు. అందరికీ చెప్పిన పని ఎవరిదీ కాదు.

ఏ తప్పు చవక?

ఇంకో దారి కూడా ఉంది. రెండు ఫోన్లకీ రెండు బాక్సులు పెట్టి, ఏ కాల్ వచ్చినా మెసేజ్ కాపీ రెండింట్లోనూ పడేలా చేయొచ్చు. ఆస్టరిస్క్‌లో ఒకే లైనులో రెండు బాక్సుల నంబర్లూ రాసి, మధ్యలో '&' గుర్తు పెడితే చాలు. కాల్ చేసినవాళ్ళకి మొదటి బాక్స్ గ్రీటింగ్ వినిపిస్తుంది, మెసేజ్ మాత్రం రెండు చోట్లా చేరుతుంది. ఒకరు విన్నా రెండోవాళ్ళ లైటు ఆరదు.

దీనికీ ఓ ఇబ్బంది ఉంది. ఒకరు పని పూర్తి చేసినా రెండోవాళ్ళకి తెలియదు. ఒకే మనిషికి రెండుసార్లు ఫోన్ వెళ్తుంది.

అంటే ఎంచుకోవాల్సింది సెట్టింగ్‌ని కాదు, తప్పుని. ఒకే బాక్స్ పెడితే ఎవరూ ఫోన్ చేయకపోయే ప్రమాదం. కాపీలు పెడితే ఇద్దరూ ఫోన్ చేసే ప్రమాదం. టూర్ ప్యాకేజీలు అమ్మే ఆఫీసైతే రెండో కాల్‌కి కస్టమర్ విసుక్కుంటాడు, అక్కడ ఒకే బాక్స్ నయం. పిల్లల క్లినిక్‌లో అయితే 'ఇందాకే చేశారండీ' అని ఆ తల్లి నవ్వుకుంటుంది. ఒక్క కాల్ కూడా వెళ్ళకపోతే నవ్వులుండవు.

ఇదే బాబాయ్‌కి చెప్పాను. "రెండుసార్లు వెళ్తే వెళ్ళనీ, పెట్టెయ్ రా" అన్నాడు. ఆ అక్కని తిట్టడం కూడా మానేశాడు. కౌంటర్ల మధ్య ఓ రిజిస్టర్ పెట్టించాడు. విన్నవాళ్ళు పేరు, టైమ్ రాస్తారు. తిరిగి ఫోన్ చేసినవాళ్ళు పక్కన టిక్ పెడతారు.

మీ ఆఫీసులో ఒకే బాక్స్ ఉంటే

ఒకే బాక్స్‌తోనే నడిపించాలంటే ఈ నాలుగూ చూసుకోండి.

గ్రీటింగ్ ఇద్దరికీ పనికొచ్చేలా ఉండాలి. 'ఏ కౌంటర్ కోసమో, మీ నంబర్ ఏంటో చెప్పండి' అని అడగండి. మెసేజ్ విన్నప్పుడు అది ఏ ఫోన్‌కి వచ్చిందో తెలియకపోవచ్చు.

మెసేజ్ ఆడియోని ఈమెయిల్‌కి పంపే సెట్టింగ్ ఆన్ చేయండి. గ్రూప్ ఐడీకి పంపితే ఎవరి మెయిల్లో వాళ్ళకి వేరే కాపీ ఉంటుంది. అయితే పంపాక సర్వర్లో డిలీట్ చేసే ఆప్షన్ జోలికి వెళ్ళకండి. బాక్స్‌లో మెసేజే మిగలకపోతే లైటు దేన్ని చూసి వెలుగుతుంది?

పిన్ నంబర్ ఎక్స్‌టెన్షన్ నంబరే కాకూడదు. బ్రిటన్‌లో 'న్యూస్ ఆఫ్ ది వరల్డ్' పత్రిక 2011లో మూతపడింది వాయిస్‌మెయిల్స్ దొంగతనంగా విన్న గొడవలోనే. చాలామంది డిఫాల్ట్ పిన్ మార్చకపోవడం ఆ దొంగలకి కలిసొచ్చింది. ఇద్దరు వాడే పిన్ అయితే ఒకరు ఉద్యోగం మానేసిన రోజే మార్చేయండి.

చివరిది ఐదు నిమిషాల పని. రేపు ఆఫీసుకి వెళ్ళాక మీ మొబైల్ నుంచి ఒక ఎక్స్‌టెన్షన్‌కి ఫోన్ చేసి మెసేజ్ పెట్టండి. రెండు ఫోన్ల మీదా లైటు వెలిగిందా చూడండి. ఒకదాంట్లో వినండి. రెండోది ఆరిపోయిందా? అయితే పక్క సీట్లో ఉన్నవాళ్ళని ఒక్క ప్రశ్న అడగండి: "ఇప్పుడు ఈ మెసేజ్‌కి తిరిగి ఫోన్ చేయాల్సింది ఎవరు?" జవాబు టక్కున రాకపోతే, ఆ పూటే ఓ రిజిస్టర్ కొనండి.