సపోర్ట్ ఉందిలే అనుకుని ధీమాగా ఉండకండి

ఆసుపత్రుల్లో, సహకార బ్యాంకుల్లో, కాలేజీల్లో సర్వర్లు చూసుకునేవారికీ, వాటి బిల్లుల మీద సంతకాలు పెట్టేవారికీ ఒక విన్నపం. ఏటా డబ్బు కట్టి ఆపరేటింగ్ సిస్టమ్‌కు సపోర్ట్ కొంటున్నారు, మంచిదే. కొన్నదేమిటో మాత్రం దయచేసి ఒకసారి చదవండి.

రెడ్ హ్యాట్ లినక్స్‌కు స్టాండర్డ్ సబ్‌స్క్రిప్షన్ అయితే సాయం పనివేళల్లోనే అందుతుంది. శనివారం అర్ధరాత్రి సర్వర్ పడిపోతే సోమవారం దాకా ఆగాల్సిందే. రాత్రీ పగలూ పలికేది ప్రీమియం, అదీ తీవ్రమైన కేసులకే. అందులోనూ ఉండే హామీ గంటలో స్పందిస్తామని, గంటలో బాగుచేస్తామని కాదు. ఈ తేడా గమనించకుండా పైవాళ్లకు మాట ఇచ్చేయకండి.

ఆ రాత్రి ఏం జరుగుతుందో ఊహించండి. టికెట్ వేయాలంటే పోర్టల్ లాగిన్ కావాలి. అది ఎప్పుడో ఉద్యోగం మానేసిన మనిషి మెయిల్ మీద ఉంటుంది. ఎలాగో వేశాక అవతలి ఇంజినీరు ముందుగా అడిగేది ఎస్‌ఓఎస్ రిపోర్ట్, అంటే సర్వర్ లాగ్‌లూ సెట్టింగులూ కలిపి తీసిన ఫైలు. అది తీయడం తెలిసినవాళ్లు ఊళ్లో ఉండరు. తర్వాత కెర్నల్‌లో వేరే కంపెనీ మాడ్యూల్ కనబడితే, దాన్ని తీసేసి మళ్లీ చూడమంటారు, లేదంటే ఆ కంపెనీనే అడగమంటారు. ఇద్దరి మధ్యా నలిగేది మీరే. అవతల బిల్లింగ్ కౌంటర్ దగ్గర రోగుల బంధువులు నిలబడే ఉంటారు.

ఇక గడువులు. రెడ్ హ్యాట్‌కు ఉచిత రూపమైన సెంట్‌ఓఎస్ 8 అప్‌డేట్లు 2029 దాకా వస్తాయని నమ్మి మారినవాళ్లకు, 2021 చివరితోనే సరి అన్న కబురు 2020 డిసెంబరులో వచ్చింది. సెంట్‌ఓఎస్ 7కు 2024 జూన్ 30తో నూకలు చెల్లాయి. రెడ్ హ్యాట్ లినక్స్ 7కు మామూలు నిర్వహణ కూడా ఆ రోజుతోనే ఆగింది, ఆపైన కావాలంటే అదనంగా చెల్లించాలి. విండోస్ సర్వర్ 2016 గడువు 2027 జనవరి 12. పాత సర్వర్ బాగానే నడుస్తోందిగా అనకండి. గడువు దాటినా అది నడుస్తూనే ఉంటుంది, ప్యాచ్‌లే రావు. అందుకే ప్రమాదం బయటికి కనబడదు.

ప్యాచ్ వచ్చినా వేయకపోతే ఫలితం ఒకటే. 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ బ్రిటన్ ఆసుపత్రులను స్తంభింపజేసింది, ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లనూ తాకింది. అది దూరిన కంతకు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. రెండు నెలల వ్యవధి ఉన్నా ఎందరో వేసుకోలేదు.

అందుకే ఈ వారమే, పగటిపూటే, ఒక చిన్న టికెట్ వేసి చూడండి. లాగిన్ పనిచేస్తోందా, రిపోర్ట్ తీయగలుగుతున్నారా, ఎంతసేపటికి ఎవరు పలికారు, అన్నీ రాసిపెట్టుకోండి. పోర్టల్ ఖాతా సంస్థ మెయిల్ మీదకు మార్చి, కనీసం ఇద్దరికి అప్పగించండి. ప్రతి సర్వర్ పక్కనా దాని గడువు తేదీ రాయండి. ఏడాదిలోపు ముగిసేవి ఉంటే మార్పిడికి డబ్బు ఇప్పుడే అడగండి, రెన్యూవల్ బిల్లు వచ్చేదాకా ఆగకండి.