చౌమహల్లా నకలా?

మునేటి ఒడ్డునున్న మా కీసర మీదుగానే హైదరాబాదు రహదారి సాగుతుంది. ఆ దారిన పోయి చౌమహల్లా ప్రాసాదం చూచి వచ్చినవారిలో పలువురు, "టెహరానులోని ఇరాన్ షా ప్రాసాదానికి ఇది నకలు" అంటారు. నేనూ చూచితిని. ఆ మాట నాకు సమ్మతం కాదు.

సలాబత్ జంగ్ దీనికి పునాది వేయించినది 1750 ప్రాంతమున. టెహరాను రాజధాని అయినది 1786లో! అచ్చటి గులిస్తాన్ ప్రాసాదంలో నేడు కనబడేది అధికభాగం పందొమ్మిదవ శతాబ్దపు కజార్ రాజుల కట్టడం. చౌమహల్లా అఫ్జలుద్దౌలా పాలనలో (1857-69) పూర్తియైనది గనుక తుదిమెరుగులలో పోలిక ఉండవచ్చు. మూలమే అరువనుట తొందరపాటు.

పారశీక సంప్రదాయం లేదనను. నడుమ జలాశయం, చుట్టూ తోట, నాలుగు మహళ్లు - అఫ్జల్, మహతాబ్, తహనియత్, ఆఫ్తాబ్. అయితే ఖిల్వత్ దర్బారు కమానులపై సున్నపు గారతో తీర్చిన నగిషీ దక్కను పనివారి చేతి చలువ.

కమాను, దర్వాజా, దివాణం పారశీకం నుండి మనకు వచ్చిన మాటలు. వాటిని చేర్చి పలికినంత మాత్రాన తెలుగు వాక్యం పారశీకమగునా? కట్టడమూ అంతే. నకలన్న ఒక్క మాటతో ఆ తాపీపనివారి ప్రజ్ఞను చెరిపివేయుట మనకు తగదు.